గ్రీన్ వెలిగినా కదలని క్యూ: ఒక అంబులెన్స్ కారిడార్ కేస్ స్టడీ

అంబులెన్స్‌కి సిగ్నల్ దగ్గర దారి దొరకాలంటే రెడ్‌ని గ్రీన్ చేస్తే చాలని చాలామంది అనుకుంటారు. మా ప్రాజెక్టు మొదటి సమావేశంలో కూర్చున్నవాళ్లలోనూ ఎక్కువమందిది అదే అభిప్రాయం. అంబులెన్స్ నుంచి సిగ్నల్‌కి రేడియోలో సందేశం వెళ్తుంది, సిగ్నల్ మారుతుంది, బండి ఆగకుండా పోతుంది. వీటిలో మొదటి రెండూ పెద్ద కష్టం లేకుండానే అయ్యాయి. మూడోది సాధించడానికే మిగతా కాలమంతా పట్టింది.

నేను చూసేది సిగ్నల్ టైమింగ్. అందుకని ఇక్కడ రేడియో గురించి అవసరమైనంతే ఉంటుంది, క్యూల గురించి కాస్త ఎక్కువే ఉంటుంది.

కారిడార్ ఎలా ఉంది

పెద్ద ఆసుపత్రికి వెళ్లే ప్రధాన రోడ్డు అది. పొడవునా సిగ్నళ్లే. మొదట్లో కూడళ్ల మధ్య దూరం 500 మీటర్లకు పైనే ఉంటుంది. ఆసుపత్రి దగ్గరపడేకొద్దీ అది 200 మీటర్లకు తగ్గిపోతుంది. మధ్యలో ఫ్లైఓవర్ కింద ఒక కూడలి ఉంది. అది దాటగానే రోడ్డు ఒంపు తిరుగుతుంది కాబట్టి అవతలి సిగ్నల్ వెనక నుంచి వచ్చేవాళ్లకు కనిపించదు. ఈ ఫ్లైఓవరూ ఈ ఒంపూ తర్వాత మమ్మల్ని బాగానే ఏడిపించాయి.

అంతకుముందున్న ఏర్పాటు ఇది: అంబులెన్స్ నుంచి కంట్రోల్ రూమ్‌కి ఫోన్ వస్తే, ఆపరేటర్ కెమెరాల్లో బండిని చూస్తూ ఒక్కో సిగ్నల్‌నీ చేత్తో గ్రీన్‌లో పెట్టేవాడు. అవయవాల తరలింపు లాంటి ముందే తెలిసిన ప్రయాణాలకు ఇది బాగానే నడిచేది. గుండెపోటు ముందే చెప్పి రాదు కదా. గుండె ఆగిపోయిన మనిషికి సీపీఆర్, డీఫిబ్రిలేషన్ (గుండెకి ఇచ్చే విద్యుత్ షాక్) అందకపోతే గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గుతుందన్నది వైద్యులు చెప్పే లెక్క. అంటే రోగిని ఆసుపత్రికి తెచ్చే ప్రయాణం కంటే, రోగి దగ్గరికి వెళ్లే ప్రయాణమే చాలా కేసుల్లో ముఖ్యం. మాకు మొదట ఇచ్చిన ప్రణాళికలో ఆసుపత్రి వైపు దిశ ఒక్కటే ఉంది. రెండు దిశలూ ఉండాల్సిందేనని పట్టుబట్టి చేర్పించాం.

పాత పద్ధతి ఎందుకు వద్దనుకున్నాం

సిగ్నల్‌ని బండిలోంచే మార్చడం కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలో ఆప్టికామ్ లాంటి వ్యవస్థలు దశాబ్దాలుగా ఉన్నాయి. బండి పైన ఒక ఇన్‌ఫ్రారెడ్ దీపం నిర్ణీత వేగంతో మెరుస్తుంది. సిగ్నల్ స్తంభం మీది సెన్సర్ ఆ మెరుపులను గుర్తుపట్టి గ్రీన్ అడుగుతుంది. సెకనుకు దాదాపు 14 మెరుపులైతే అత్యవసర వాహనం, దాదాపు 10 అయితే బస్సు లాంటి తక్కువ ప్రాధాన్యం వాహనం.

దీపం సెన్సర్‌కి కనబడాలి. మా ఒంపు దగ్గర అది కుదరదు. అంతకంటే పెద్ద లోపం, మొదటి తరం దీపం చెప్పగలిగింది ‘వస్తున్నాను’ అనే ఒక్క మాటే. ఎంత దూరంలో ఉందో, ఏ వేగంతో వస్తోందో, కూడలి దాటాక ఎటు తిరుగుతుందో చెప్పలేదు. పైగా అదే వేగంతో మెరిసే పరికరాలు సంబంధం లేని జనం చేతుల్లోకి వెళ్లాయి. అనుమతి లేనివాళ్లు వాటిని వాడితే నేరమని అమెరికా 2005లో చట్టమే చేయాల్సి వచ్చింది.

ఏం పెట్టాం, అవి ఏం మాట్లాడుకుంటాయి

అంబులెన్స్‌లో ఒక ఆన్‌బోర్డ్ యూనిట్. ప్రతి కూడలిలో స్తంభం మీద ఒక రోడ్‌సైడ్ యూనిట్, దాని నుంచి దీపాల రంగులు మార్చే సిగ్నల్ కంట్రోలర్ పెట్టెలోకి ఒక కేబుల్. రెండూ మాట్లాడుకునే భాష వాహన ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ రాసిన జే2735 ప్రమాణంలో ఉంది. యూరప్‌లో అక్కడి టెలికాం ప్రమాణాల సంస్థ ఈటీఎస్‌ఐ ప్రమాణాలు ఇదే పనిని వేరే పేర్లతో చేస్తాయి.

కూడలి రెండు సందేశాలను ఆపకుండా చెబుతూ ఉంటుంది. మొదటిది మ్యాప్: ఏ లేన్ ఎక్కడుంది, స్టాప్ లైన్ ఎక్కడ, ఏ లేన్ నుంచి ఎటు వెళ్లవచ్చు, ఆ కదలికకు ఏ సిగ్నల్ వర్తిస్తుంది. రెండోది స్పాట్: ఆ సిగ్నల్ ఇప్పుడు ఏ రంగులో ఉంది, ఎప్పుడు మారవచ్చు. అంబులెన్స్ తన స్థానం, వేగం, దిశలను సెకనుకు 10 సార్లు చెబుతుంది. దారి కావాలనుకున్నప్పుడు ఎస్‌ఆర్‌ఎం అనే అభ్యర్థన పంపుతుంది. అందులో తాను ఏ లేన్‌లోంచి వస్తున్నానో, ఏ వైపు వెళ్లిపోతానో, స్టాప్ లైన్ దగ్గరికి ఎప్పటికి చేరతానో ఉంటుంది. కూడలి దానికి ఎస్‌ఎస్‌ఎం అనే జవాబు ఇస్తుంది: అందింది, ఇచ్చాం, లేదా ఇవ్వలేం. పాత దీపానికి లేనిది ఈ జవాబే. నా దృష్టిలో మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే విలువైన సందేశం అది.

రేడియో విషయంలో ఒక్క జాగ్రత్త తీసుకున్నాం. అమెరికాలో రేడియో తరంగాల వాడకాన్ని నియంత్రించే ఎఫ్‌సీసీ 1999లో 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ వెడల్పు బ్యాండ్‌ని వాహనాల కోసం కేటాయించింది. వైఫై కుటుంబానికి చెందిన డీఎస్‌ఆర్‌సీ అనే వాహన రేడియో పద్ధతి దాని మీదే పెరిగింది. 2020 నవంబరులో అదే సంస్థ అందులో 45 మెగాహెర్ట్జ్‌ని లైసెన్స్ అవసరం లేని వాడకానికి ఇచ్చేసి, మిగిలిన 30 మెగాహెర్ట్జ్‌ని సెల్యులార్ కుటుంబానికి చెందిన సీ-వీ2ఎక్స్‌కి మళ్లించింది. తుది నిబంధనలు 2024లో వచ్చాయి. మధ్యలో డీఎస్‌ఆర్‌సీ పెట్టెలు కొన్నవాళ్ల టెన్షన్ ఊహించుకోవచ్చు. అందుకే మేము సందేశాలనూ సిగ్నల్‌తో జరిగే బేరాన్నీ ఒక భాగంగా, రేడియోని విడిగా మార్చుకోగలిగే ఇంకో భాగంగా ఒప్పందంలో రాశాం. రేడియో రేపు మారినా పైన రాసిన ఎస్‌ఆర్‌ఎం మారదు.

గ్రీన్ వచ్చింది, బండి ఆగింది

మొదటి పరీక్షల్లో రోగి లేని అంబులెన్స్‌ని రద్దీ వేళలో నడిపించాం. పరికరాలు అమర్చిన సంస్థ పెట్టిన డిఫాల్ట్ ప్రకారం, బండి స్టాప్ లైన్‌కి 300 మీటర్ల దూరంలోకి రాగానే గ్రీన్ అడుగుతుంది. అడిగింది. వచ్చింది. లాగ్‌లో చూస్తే అభ్యర్థన సఫలం. వీడియోలో చూస్తే అంబులెన్స్ బ్రేక్ లైట్లు వెలిగి ఉన్నాయి, ముందు సిగ్నల్ పచ్చగా ఉంది, మధ్యలో కార్ల వరుస నిలబడే ఉంది.

కారణం లెక్కలో ఉంది. ఒక లేన్‌లో 20 వాహనాలు ఆగి ఉన్నాయనుకుందాం. ఒక్కోదానికి 7 మీటర్లు వేసుకుంటే క్యూ తోక స్టాప్ లైన్‌కి 140 మీటర్ల వెనక ఉంటుంది. గ్రీన్ రాగానే అన్నీ ఒకేసారి కదలవు. ముందుది కదిలాక దాని వెనకది, ఆ తర్వాత ఇంకోటి. చివరి కారు చక్రం తిరగడానికే 20 సెకన్ల పైన పడుతుంది. స్టాప్ లైన్ దాటే వేగం లేన్‌కి రెండు సెకన్లకు ఒక వాహనం, మొదట్లో తడబాటుకి ఇంకో రెండు సెకన్లు. అంటే 20 వాహనాలూ ఖాళీ కావడానికి 42 సెకన్లు. కొంచెం ఊపిరి తీసుకునే జాగాతో 45 అనుకుందాం.

దానికి ముందు ఇంకో ఖర్చుంది. అడ్డరోడ్డుకి గ్రీన్ నడుస్తుంటే దాన్ని టక్కున ఆపలేం. అప్పుడే 14 మీటర్ల రోడ్డు దాటడం మొదలుపెట్టిన పాదచారికి సెకనుకు 1.2 మీటర్ల నడకతో సుమారు 12 సెకన్లు కావాలి. ఆపైన పసుపుకి 3 సెకన్లు, అన్ని వైపులా రెడ్‌కి 2 సెకన్లు. మొత్తం 17. దాన్ని 45కి కలిపితే 62 సెకన్లు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే అంబులెన్స్ 62 సెకన్లలో 860 మీటర్లు దాటేస్తుంది. మేము అడుగుతున్నది 300 మీటర్ల నుంచి, అంటే 22 సెకన్ల ముందు. అందులో 17 సెకన్లు పాత దశని ముగించడానికే పోతే, గ్రీన్ వచ్చిన 5 సెకన్లకే బండి స్టాప్ లైన్ దగ్గరుండాలి. అది ఉన్నది క్యూ తోక దగ్గర.

ఇక్కడే రేడియో పరిధి అడ్డొచ్చింది. ఎదురుగా ఏ అడ్డమూ లేని రోడ్డు మీద 5.9 గిగాహెర్ట్జ్ చాలా దూరం వెళ్తుంది. భవనాలు, బస్సులు, ఒంపు ఉన్నచోట అంత దూరం ఆశించడం అత్యాశ. కాబట్టి 860 మీటర్ల అవతలి మాట మా కూడలికి నేరుగా వినబడదు. రెండు దారులు పెట్టాం. వెనక కూడలిలోని యూనిట్ అంబులెన్స్ మాటని విని, కేబుల్ మీదుగా ముందు కూడళ్లకు చేరవేస్తుంది. కేబుల్ లేనిచోట అంబులెన్స్ మొబైల్ నెట్‌వర్క్ మీదుగా సెంట్రల్ సర్వర్‌కి చెబుతుంది, సర్వర్ ఆ కూడలికి చెబుతుంది. మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకటి రెండు సెకన్ల ఆలస్యమైనా, నిమిషం ముందు ఇచ్చే కబురుకి దానివల్ల నష్టం లేదు. దగ్గరికొచ్చాక కచ్చితంగా కావాల్సిన మాట మాత్రం నేరుగా రేడియోలోనే.

నేరుగా రేడియోనా, మొబైల్ నెట్‌వర్కా, రెండిట్లో ఏది మంచిదన్న వాదన చాలా సమావేశాల్ని తినేసింది. అసలు పోటీ పెట్టాల్సిన విషయమే కాదది.

ముందుగా అడిగితే వచ్చే చిక్కు

62 సెకన్ల ముందు అడగడం బాగానే ఉంది. ఈలోగా అంబులెన్స్ పక్కవీధిలోకి తిరిగిపోతే? ఖాళీ రోడ్డుకి గ్రీన్ ఇచ్చి అడ్డరోడ్డుని నిమిషం పైగా నిలబెట్టినట్టు. ఒకసారికి ఫర్వాలేదు. రోజూ జరిగితే కొద్దివారాల్లోనే జనం ‘ఈ సిగ్నల్ పాడైంది’ అని ఫిర్యాదులు మొదలుపెడతారు, రెడ్ దాటే అలవాటు కూడా మొదలవుతుంది.

అందుకని అభ్యర్థనని రెండు మెట్లుగా విడగొట్టాం. దూరంలో ఉన్నప్పుడు మెత్తగా అడుగుతుంది: అడ్డరోడ్డు గ్రీన్‌లో చివరి కొన్ని సెకన్లు కోసి, ప్రధాన రోడ్డు గ్రీన్‌ని ముందుకు జరపమంటుంది. దీన్ని సిగ్నల్ వాళ్లు ప్రయారిటీ అంటారు. సిగ్నల్ చక్రం, అంటే అన్ని వైపులకూ వరుసగా గ్రీన్ వచ్చే రౌండ్, తెగిపోదు, కాస్త సర్దుకుంటుంది. అంబులెన్స్ చివరి మలుపు కూడా దాటి, ఇక ఈ కూడలికి రావడం తప్ప వేరే దారి లేదని తేలాక గట్టిగా అడుగుతుంది. అది ప్రీఎంప్షన్. అప్పుడు చక్రం సంగతి పక్కనపెట్టి గ్రీన్ ఇచ్చేయాలి. మెత్తని దశలోనే క్యూలో సగం కరిగిపోతే, గట్టి దశ చిన్నదైనా సరిపోతుంది. రద్దీ మామూలుగా ఉన్న వేళల్లో గట్టి దశ అవసరం పడటమే తక్కువ.

దారి ముందే తెలిస్తే ఇంకా నయం. అంబులెన్స్‌లను పంపే డిస్పాచ్ సిస్టమ్‌లో గమ్యం ఉంటుంది కాబట్టి అక్కణ్నుంచి దారిని ఆన్‌బోర్డ్ యూనిట్‌లోకి తీసుకున్నాం. కానీ డ్రైవర్ దారి మార్చగానే ఆ దారి అబద్ధమవుతుంది. టర్న్ ఇండికేటర్‌ని కూడా కలిపితే చివరి కూడలి దగ్గర బాగా ఉపయోగపడింది.

మ్యాప్‌లో ఒక్క అంకె

ఇదొక్కటి దగ్గరగా చూపించాలి. ఫ్లైఓవర్ కింది కూడలికి మ్యాప్ సందేశం వేరేవాళ్లు తయారుచేసి ఇచ్చారు. లేన్లు అన్నీ సరైన చోటే ఉన్నాయి, స్టాప్ లైన్ మీటరు తేడా లేకుండా ఉంది. కానీ ఒక లేన్‌కి ఎదురుగా రాసిన సిగ్నల్ గ్రూప్ అంకె (ఆ లేన్‌కి ఏ సిగ్నల్ వర్తిస్తుందో చెప్పేది) అడ్డరోడ్డుది. కాగితం మీద చూస్తే ఎవరికీ కనబడదు. అంబులెన్స్ ఆ లేన్‌లో వస్తూ గ్రీన్ అడిగితే, కంట్రోలర్ ఎంతో శ్రద్ధగా అడ్డరోడ్డుకి గ్రీన్ ఇచ్చేది.

ఇది పట్టుబడింది రాత్రిపూట నడక పరీక్షలో. ట్రాఫిక్ దాదాపు లేని వేళ, ఒక ఆన్‌బోర్డ్ యూనిట్‌నీ బ్యాటరీనీ తోపుడు ట్రాలీలో పెట్టుకుని, పక్కన ట్రాఫిక్ సిబ్బంది కాపలాతో, ఒక్కో లేన్ వెంబడీ స్టాప్ లైన్ దాకా నడవడం. కంట్రోలర్‌ని గ్రీన్ ఇవ్వనీయకుండా ఆపి, ‘ఇచ్చేవాణ్నైతే దేనికిచ్చేవాణ్ని’ అని లాగ్‌లో రాయించడం. ప్రతి లేన్‌కీ, ప్రతి మలుపుకీ ఇలా చేయాలి. విసుగు పుట్టించే పని. దీన్ని సిమ్యులేటర్‌లో చేసేద్దామన్న మాట వచ్చింది. సిమ్యులేటర్‌లోకి పోయేది కూడా అదే తప్పు మ్యాప్ కాబట్టి అక్కడ అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. పరికరం నడవాల్సింది నిజం రోడ్డు మీదే.

అదే రాత్రి ఇంకోటీ తేలింది. ఫ్లైఓవర్ కింద జీపీఎస్ స్థానం పక్కకు జారుతోంది. ఆకాశం తేటగా కనిపించే చోట కొన్ని మీటర్ల తేడాతో సరిపోయేది, ఇక్కడ అంబులెన్స్‌ని ఎదురు దిశ లేన్‌లో పెట్టేస్తోంది. లేన్ ఏదో కచ్చితంగా తెలుసుకోవాలన్న ఆశ ఆ కూడలిలో వదులుకున్నాం. వెనక కూడలిని ఏ దిశలో దాటిందో దాన్నే నమ్మి, మొత్తం ఆ వైపు లేన్లన్నిటికీ గ్రీన్ ఇచ్చేలా పెట్టాం. అంబులెన్స్‌కి ఎలాగూ తన లేన్ ఒక్కటే ఖాళీ అయితే చాలదు. పక్క లేన్ కదిలితేనే ముందున్న కారు అందులోకి తప్పుకోగలదు.

పాదచారి దగ్గర రాజీ లేదు

అమెరికా ట్రాఫిక్ నియమావళి ఎంయూటీసీడీ ప్రకారం ప్రీఎంప్షన్‌లోకి వెళ్లేటప్పుడు పసుపునీ, దాని తర్వాతి ఆల్ రెడ్‌నీ తగ్గించకూడదు. పాదచారుల సమయాన్ని మాత్రం తగ్గించవచ్చు. మా బృందంలో కొందరు దీన్ని చూపించి 12 సెకన్లు మిగులుతాయన్నారు. నేను ఒప్పుకోలేదు. సైరన్ వినబడుతున్నప్పుడు రోడ్డు మధ్యలో ఉన్న ముసలాయనకు ఎదురు దీపం ఆరిపోతే ఆయన ముందుకీ వెళ్లడు, వెనక్కీ రాడు. అక్కడే నిలబడిపోతాడు. అంబులెన్స్‌ని ఆపేది అప్పుడు ఆయనే అవుతాడు. కొత్తగా దాటడం మొదలుపెట్టేవాళ్లను ఆపేస్తాం, అప్పటికే దిగినవాళ్లకు పూర్తి సమయం ఇస్తాం. ఆ 12 సెకన్లను ముందస్తు అభ్యర్థనలోంచి తెచ్చుకోవచ్చు, పాదచారి దగ్గర లాక్కోనక్కర్లేదు.

గ్రీన్‌ని తిరిగి ఇవ్వడం

అంబులెన్స్ స్టాప్ లైన్ దాటగానే రద్దు సందేశం పంపాలి. సందేశం పోకపోతే కంట్రోలర్ పట్టుకునే కూర్చుంటుంది కాబట్టి గరిష్ఠ కాలపరిమితి తప్పనిసరి. ఇంతవరకు పుస్తకాల్లో ఉన్నదే.

పుస్తకాల్లో అంతగా కనబడనిది ఆసుపత్రి గేటు. రోగిని దించుతున్నంత సేపూ పైన లైట్లు తిరుగుతూనే ఉంటాయి. లైట్ల స్విచ్‌కే అభ్యర్థనని ముడిపెడితే, నిలబడ్డ అంబులెన్స్ తన ముందున్న కూడలిని గ్రీన్ అడుగుతూనే ఉంటుంది. పాత ఇన్‌ఫ్రారెడ్ వ్యవస్థల్లోనే దీనికి మందుంది: హ్యాండ్‌బ్రేక్ వేస్తే పరికరం నోరు మూసుకుంటుంది. మేము హ్యాండ్‌బ్రేక్‌తో పాటు ఇంకో షరతు పెట్టాం. కొంతసేపు బండి వేగం సున్నా దగ్గరే ఉండి, కూడలి క్యూలో కాకుండా రోడ్డు పక్కన ఉంటే అభ్యర్థన ఆగిపోవాలి. ‘క్యూలో కాకుండా’ అన్న మాట తీసేస్తే, నిజంగా జామ్‌లో ఇరుక్కున్న అంబులెన్స్‌కే దారి అడగడం ఆగిపోతుంది.

తిరిగి మామూలు చక్రంలోకి వచ్చేటప్పుడు ముందు ఎవరికి గ్రీన్? పక్క కూడళ్ల గ్రీన్‌లతో సమన్వయంలోకి త్వరగా వచ్చే పద్ధతి ఒకటి, ఎక్కువసేపు ఆగినవాళ్లకు ముందు ఇచ్చే పద్ధతి ఇంకోటి. మేము రెండోది ఎంచుకున్నాం. సమన్వయం కుదురుకోవడానికి కొన్ని చక్రాలు ఎక్కువ పట్టినా ఫర్వాలేదు, అడ్డరోడ్డు వాళ్ల ఓపికని కాపాడుకోవాలి.

నకిలీ అభ్యర్థనలు, గడువు తీరిన పత్రాలు

ఈ సందేశాల భద్రత కోసం ఉన్న ఐఈఈఈ 1609.2 ప్రమాణం ప్రకారం ప్రతి సందేశం మీదా డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకం వెనకున్న డిజిటల్ గుర్తింపు పత్రంలో, అంటే సర్టిఫికెట్‌లోనే ఈ వాహనానికి గ్రీన్ అడిగే హక్కు ఉందా లేదా అని రాసి ఉంటుంది. మామూలు కారు యూనిట్‌ని ఎవరైనా ఎంత తిప్పినా ఆ హక్కు రాదు. 2005 చట్టంతో ఆపాలని చూసిన పనిని ఇక్కడ గణితమే ఆపుతుంది.

కానీ భద్రత ఉన్నచోట గడువు ఉంటుంది. వర్క్‌షాప్‌లో చాలాకాలం పడి ఉన్న ఒక అంబులెన్స్ తిరిగొచ్చాక ఏ సిగ్నలూ దానికి స్పందించలేదు. రేడియో బాగుంది, జీపీఎస్ బాగుంది. సర్టిఫికెట్ల గడువు మాత్రం అయిపోయింది. కూడలి యూనిట్ ఆ అభ్యర్థనలను నిశ్శబ్దంగా పక్కనపడేసింది, పడేయాల్సిందే కూడా. అప్పట్నుంచి షిఫ్ట్ మొదట్లో ఆక్సిజన్, టైర్లు చూసే చెక్‌లిస్ట్‌లో ఒక పచ్చచుక్క కూడా చేరింది: యూనిట్ తెర మీద అది కనిపిస్తే సర్టిఫికెట్లు సరిగా ఉన్నట్టు.

డ్రైవర్‌కి ఏం చూపించాలి

మొదటి తెర మీద చాలా ఉండేవి. ముందు సిగ్నల్ రంగు, మిగిలిన సెకన్లు, అభ్యర్థన స్థితి, సూచించిన వేగం. ఒక సీనియర్ డ్రైవర్ ఒక రౌండ్ వేసొచ్చి దిగాక నాతో అన్నమాట: “సార్, గ్రీన్ వస్తుందని చెప్పొద్దు. వచ్చాక చెప్పండి. వస్తుందంటే నా కాలు యాక్సిలరేటర్ మీదకి పోతోంది.”

తెరలో మిగిలింది ఒకే గుర్తు. ఎస్‌ఎస్‌ఎం నుంచి ‘ఇచ్చాం’ అని జవాబు వచ్చి, స్పాట్‌లో నిజంగా గ్రీన్ కనిపిస్తేనే అది వెలుగుతుంది. సూచించిన వేగం తీసేశాం. గుర్తు వెలిగినా కూడలిలోకి చూసుకునే వెళ్లాలన్నది శిక్షణలో మొదటి మాట, ఎందుకంటే అడ్డరోడ్డులో రెడ్ దాటేవాడికి ఈ సందేశాలేవీ తెలియవు.

రెండు అంబులెన్స్‌లు ఒకే కూడలికి రెండు వైపుల నుంచి వస్తే ఒకదానికి ‘ఇవ్వలేం’ అన్న జవాబు పోవాలి. ఆ గుర్తు వెలగకపోవడమే డ్రైవర్‌కి అర్థమయ్యే భాష. ఎవరికి ముందు ఇవ్వాలన్నది అడిగిన క్రమాన్ని బట్టే. రోగి పరిస్థితిని బట్టి ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చింది. కూడలి పెట్టెకి ఆ నిర్ణయం అప్పగించడం నాకు ఇష్టం లేదు, వైద్యులకూ ఇష్టం లేదు.

ముందున్న కార్లకు చెప్పడం

అందరూ అడిగేది ఇది. సైరన్‌కి బదులు కారు తెర మీదే ‘వెనక అంబులెన్స్’ అని వస్తే బాగుండును కదా? వస్తోంది. జపాన్‌లో టొయోటా 2015 నుంచి ఐటీఎస్ కనెక్ట్ అనే తన వ్యవస్థ ద్వారా 760 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఇలాంటి హెచ్చరిక ఇస్తోంది. యూరప్‌లో ఎనిమిదో తరం గోల్ఫ్ కారు వాహనాల మధ్య సంభాషణతోనే మార్కెట్లోకి వచ్చింది. కిటికీలు బిగించుకుని పాటలు వింటున్నవాళ్లకు సైరన్ ఆలస్యంగా వినబడుతుంది కాబట్టి ఇది మంచిదే.

కానీ రోడ్డు మీద ఎక్కువ కార్లకు ఈ పరికరం లేనంత కాలం దీన్ని నమ్ముకుని డిజైన్ చేయలేం. క్యూలో పదో కారుకి మాత్రమే కబురు అందితే అది ఒక్కటే తప్పుకోలేదు. ఇంకోటి, ఎటు తప్పుకోవాలో చెప్పకుండా వస్తోందని మాత్రమే చెబితే జనం కంగారులో చెరోవైపు తిప్పుతారు. పరికరం ఉన్న కార్లకు పంపుతున్నాం, లెక్కలో మాత్రం వేసుకోలేదు.

ఫలితాన్ని ఎలా చూశాం

సగటు ప్రయాణ సమయం మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. రాత్రి ఖాళీ రోడ్డు ప్రయాణాలు కలిస్తే సగటు ఎలాగైనా అందంగా కనిపిస్తుంది. మేము చూసినవి వేరు: ఒక్కో కూడలి దగ్గర అంబులెన్స్ నడక వేగానికి పడిపోయి గడిపిన సమయం, అభ్యర్థనకీ గ్రీన్‌కీ మధ్య తేడా, గ్రీన్‌కీ క్యూ తోక కదలడానికీ మధ్య తేడా, అదే సమయంలో అడ్డరోడ్డులో పెరిగిన క్యూ. అంబులెన్స్ గడియారం, కంట్రోలర్ గడియారం ఒకే సమయం చూపించకపోతే ఇందులో ఏదీ లెక్కకి రాదు. ఆ రెంటినీ కలపడమే ముందు చేయాల్సిన పని.

దూరదూరంగా ఉన్న కూడళ్లలో స్టాప్ లైన్ దగ్గర ఆగడం దాదాపు పోయింది. ఒంపు తర్వాతి కూడలిలో వెనక కూడలి చేరవేసే కబురు వల్లే తేడా వచ్చింది. ఆసుపత్రి దగ్గరి 200 మీటర్ల కూడళ్లలో మాత్రం మొదట ఏమీ మారలేదు.

కారణం మళ్లీ క్యూనే. 140 మీటర్ల క్యూ 200 మీటర్ల రోడ్డులో ఉంటే వెనక నుంచి వచ్చేవాటికి జాగా లేదు. వెనక కూడలికి గ్రీన్ ఇస్తే ఆ వాహనాలన్నీ ముందు కూడలి రెడ్ దగ్గర పోగుపడతాయి, అంబులెన్స్ ఆ పోగు మధ్యలోకి వెళ్తుంది. కాబట్టి క్రమం తిరగేశాం. అంబులెన్స్‌కి దగ్గరి కూడలి ముందు కాదు, దూరపు కూడలి ముందు. చివరిది మొదట ఖాళీ అవుతుంది, ఆ ఖాళీలోకి దాని వెనకది, దానిలోకి ఇంకోటి. రేడియో పరిధి మీద ఆధారపడ్డ ఏ వ్యవస్థా ఇది చేయలేదు. కూడళ్లన్నిటికీ అంబులెన్స్ సంగతి ఒకేసారి తెలియాలి.

దీనికి అడ్డరోడ్లు చెల్లించే ధర ఎక్కువ. చివరి కూడలి చాలాసేపు గ్రీన్‌లోనే ఉండాలి. అందుకని అక్కడ ముందు ఒకసారి ఖాళీ చేసి, అడ్డరోడ్డుకి చిన్న గ్రీన్ ఇచ్చి, అంబులెన్స్ వచ్చే ముందు మళ్లీ తెరిచేలా విడగొట్టాం. విపరీతమైన రద్దీలో ఈ విడగొట్టడం పనిచేయదు. అప్పుడు ఒకే పొడవాటి గ్రీన్ తప్ప దారి లేదు.

చివరికి మిగిలింది ఆసుపత్రి గేటుకి ఆనుకున్న కూడలి. అక్కడ ప్రధాన రోడ్డు అవతలి వైపే పార్కింగ్‌లోకి వెళ్లే కార్లు బారులు తీరి, ఆ బారు కొన్ని వేళల్లో కూడలి మధ్య దాకా పాకుతుంది. ఎంత ముందు అడిగినా, ఎంత గ్రీన్ ఇచ్చినా కదలడానికి అవతల జాగా ఉండదు. గేటు దాటాక రోడ్డు మీద ఒక డిటెక్టర్ పెట్టాం. బారు దాని మీదికి వచ్చి ఆగిందంటే ఆ కూడలికి మెత్తని అభ్యర్థన పని చేయదు. కంట్రోల్ రూమ్‌లో అలారం మోగుతుంది, ఆసుపత్రి సెక్యూరిటీకి కూడా అదే సమయంలో సందేశం వెళ్తుంది, వాళ్లు పార్కింగ్ గేటు ఎత్తేసి బారుని లోపలికి తీసుకోవాలి. ఈ ఒప్పందం రాతపూర్వకంగా జరిగింది. పార్కింగ్ ప్రవేశాన్ని వెనక వీధికి మార్చాలన్న మా ప్రతిపాదన ఇంకా ఆసుపత్రి యాజమాన్యం పరిశీలనలో ఉంది.